పరీక్ష ఆగింది... బాధ్యత మిగిలింది!

ఇంటికే వచ్చే ఉచిత కరోనా పరీక్షల పెట్టె 2022 ఏప్రిల్ 1న ఇంగ్లండులో ఆగిపోయింది. 'ఇక కరోనాతో కలిసి బతకండి, ఎవరి బాధ్యత వారు తీసుకోండి' అంది ప్రభుత్వం. వినడానికి పెద్దమనిషి మాటే. మరి ఆ బాధ్యత మోయడానికి ఎవరి చేతిలో ఏముంది?

చిన్న అట్టపెట్టె. అందులో ఏడు ప్లాస్టిక్ బిళ్లలు, ముక్కులో తిప్పుకునే ఏడు పుల్లలు, కాస్త ద్రావకం. కంప్యూటర్లో చిరునామా నమోదు చేస్తే పోస్టులో ఇంటికే వచ్చేది. వీధి చివరి మందుల షాపులో అడిగినా చేతిలో పెట్టేవారు. డబ్బు మాటే లేదు!

2021 ఏప్రిల్ 9 నుంచి ఇంగ్లండులో ఇదే పద్ధతి. జలుబూ జ్వరమూ లేకపోయినా సరే, వారానికి రెండుసార్లు పరీక్ష చేసుకోమని ప్రభుత్వమే చెప్పింది. బడికెళ్లే పిల్లలు, ఆఫీసుకెళ్లే పెద్దలు, అమ్మమ్మను చూడటానికి వెళ్లే మనవలు... పొద్దున్నే పళ్లు తోముకున్నట్టు ముక్కులో పుల్ల తిప్పుకోవడానికి అలవాటుపడ్డారు. పావుగంట, అరగంట ఆగితే ఫలితం. ఒక గీత వస్తే బయల్దేరడమే. రెండు గీతలొస్తే తలుపేసుకోవడమే.

దాదాపు ఏడాది తిరిగేసరికి ఆ పెట్టె మాయమైంది. 2022 ఏప్రిల్ 1 నుంచి సామాన్య జనానికి ఉచిత పరీక్షలు లేవు. కావాలంటే షాపులో కొనుక్కోవాలి. ఒక్కోటి సుమారు రెండు పౌండ్లు, అప్పటి మారకం ధరలో మన రెండొందల రూపాయలన్నమాట. స్కాట్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్ కొంచెం వెనకాముందుగా అదే దారి పట్టాయి.

రాణికీ తప్పలేదు

ఈ నిర్ణయం బయటికొచ్చిన రోజు తేదీ 2022 ఫిబ్రవరి 21. అంతకు ముందురోజే 95 ఏళ్ల ఎలిజబెత్ రాణికి కరోనా సోకినట్టు రాజప్రాసాదం ప్రకటించింది. మర్నాడు ప్రధాని బోరిస్ జాన్సన్ పార్లమెంటులో 'కొవిడ్‌తో సహజీవనం' ప్రణాళిక చదివారు. సారాంశం ఒక్కటే. ఇకపై చట్టం కాదు, సలహాలే! నిర్బంధం కాదు, వ్యక్తిగత బాధ్యతే!

ఫిబ్రవరి 24 నుంచి, కరోనా వచ్చినవారు ఇంట్లోనే ఉండాలన్న చట్టం పోయింది. అంతకుముందు ఆ నిబంధన మీరితే వెయ్యి పౌండ్ల నుంచి పదివేల పౌండ్ల దాకా జరిమానా ఉండేది. తక్కువ ఆదాయం ఉన్నవారు పని మానుకుని ఇంట్లో ఉంటే ఇచ్చే 500 పౌండ్ల సాయమూ ఆ రోజే ఆగింది. సరిగ్గా నెల తర్వాత, మార్చి 24న, కరోనా వచ్చిన మొదటి రోజు నుంచే జబ్బు జీతం ఇచ్చే ప్రత్యేక ఏర్పాటు ముగిసింది. ఏప్రిల్ 1న ఉచిత పరీక్షలూ పోయాయి. యజమానులు తమ కార్యాలయంలో కరోనా ముప్పును ప్రత్యేకంగా అంచనా వేసుకోవాలన్న నియమాన్నీ అదే రోజు ఎత్తేశారు.

ఒకదాని వెనక ఒకటి... అయిదు వారాల్లో అన్నీ!

సర్కారు లెక్క తప్పేమీ కాదు

ప్రభుత్వం వైపు వాదన లేకపోలేదు. కరోనా టీకాను ఆమోదించి ప్రజలకు వేయడంలో ప్రపంచంలో ముందు నడిచిన దేశాల్లో బ్రిటన్ ఒకటి. 2020 డిసెంబరు 8న కొవెంట్రీ నగరంలో 90 ఏళ్ల మార్గరెట్ కీనన్ టీకా వేయించుకున్నారు. 2022 ఫిబ్రవరి నాటికి ఇంగ్లండులో పదిమంది పెద్దల్లో ఏడుగురు మూడో డోసు కూడా వేయించుకున్నారు. ఒమిక్రాన్ రకం ఊరంతా పాకినా, టీకా పొందినవారిలో అంతకుముందు అలల్లోలా ప్రాణాల మీదికి రావడం తగ్గింది.

రెండోది డబ్బు. పరీక్షలకూ, సోకినవారి సంబంధీకులను వెతికి పట్టుకునే పనికీ రెండేళ్లకు కేటాయించిన మొత్తం 3,700 కోట్ల పౌండ్లు. మన లెక్కలో దాదాపు 3 లక్షల 70 వేల కోట్ల రూపాయలు! ఒక్క 2022 జనవరిలోనే 200 కోట్ల పౌండ్లు ఖర్చయిందని ప్రధాని సభలో చెప్పారు. దేశ హోంశాఖ ఏడాది బడ్జెట్‌ను మించి ఈ పద్దుకు పోసిన ఏడాదీ ఉందన్నారు. అప్పటికి ఇంగ్లండు ప్రభుత్వ ఆసుపత్రుల్లో మోకాలి మార్పిడికో, గుండె పరీక్షకో, మరో చికిత్సకో ఎదురుచూస్తున్న కేసులు అరవై లక్షలకు పైమాటే. ఆ సొమ్ముతో వారికి వైద్యం చేయొచ్చు కదా అన్న ప్రశ్న కొట్టిపారేసేది కాదు.

మూడోది స్వేచ్ఛ. ఎల్లకాలం పోలీసుల్ని పెట్టి జనాన్ని ఇళ్లలో కూర్చోబెట్టలేరు. మలేరియా, క్షయ, ఫ్లూ... ఎన్ని జబ్బులతో మనుషులు కలిసి బతకడం లేదు? ఏదో ఒకనాడు ఈ మలుపు తిరగక తప్పదు.

ఇంతవరకూ బాగానే ఉంది. చిక్కల్లా మలుపు తిరిగిన తీరులోనే.

పదముగ్గురిలో ఒకరికి...

ఉచిత పరీక్షలు ఆగిన ఆ వారంలో ఇంగ్లండులో కరోనా తగ్గిపోయిందా? లేదు. పైగా శిఖరాన ఉంది! జాతీయ గణాంక కార్యాలయం ఇళ్లకు వెళ్లి నమూనాలు సేకరించి వేసిన అంచనా ప్రకారం, 2022 మార్చి 26తో ముగిసిన వారంలో ఇంగ్లండులో 41 లక్షల మందికి వైరస్ ఉంది. అంటే ప్రతి 13 మందిలో ఒకరికి. బ్రిటన్ మొత్తమ్మీద 49 లక్షలు. ఆ సర్వే మొదలుపెట్టాక అంత పెద్ద సంఖ్య నమోదు కావడం అదే మొదటిసారి.

నిండుగా ఉన్న సిటీ బస్సును ఊహించుకోండి. అందులో నలుగురైదుగురికి వైరస్ ఉన్నట్టు. ఎవరికన్నది ఎవరికీ తెలియదు. తెలుసుకునే సాధనం అంతకుముందు వారం ఉచితం. ఆ వారం రెండు పౌండ్లు!

చూసే కళ్లూ ఒక్కొక్కటే మూతపడ్డాయి. లండన్ ఇంపీరియల్ కాలేజీ రెండేళ్లుగా నడుపుతున్న 'రియాక్ట్' అధ్యయనం 2022 మార్చి 31తో ఆగింది. గణాంక కార్యాలయం సర్వే కూడా 2023 మార్చిలో నిలిచిపోయింది. అధికారిక కేసుల పట్టిక ఉంది గానీ, పరీక్షే చేసుకోకపోతే కేసు ఎక్కడ నమోదవుతుంది? చేతిలో దీపం తీసేసుకుని, దారి చూసుకుని నడవమన్నట్టయింది.

జర్మన్లను చూసి నేర్చుకోండి!

ప్రణాళిక ప్రకటించిన రోజు సాయంత్రం విలేకరుల సమావేశంలో ప్రధాని ఓ మాటన్నారు. ఒంట్లో బాగాలేకపోయినా పనికెళ్లడం బ్రిటిష్ వారి అలవాటనీ, జబ్బు చేస్తే ఇంట్లో ఉండటం జర్మన్లను చూసి నేర్చుకోవాలనీ ఆ మాటల భావం.

మంచి సలహా. కానీ జర్మన్లు ఇంట్లో ఉండగలగడానికి కారణం క్రమశిక్షణ ఒక్కటే కాదు. అక్కడ ఉద్యోగి జబ్బుపడితే యజమాని ఆరు వారాల పాటు పూర్తి జీతం ఇవ్వాలి. చట్టమే అలా చెబుతుంది.

బ్రిటన్‌లో? యజమాని తనంతట తాను ఎక్కువిస్తే సరే. లేకపోతే చట్టం ప్రకారం కనీస జబ్బు జీతమే దిక్కు. 2022 ఏప్రిల్లో అది వారానికి 99 పౌండ్ల 35 పెన్నీలు. అదీ అప్పట్లో మొదటి మూడు పనిదినాలకు ఉండేది కాదు, నాలుగో రోజు నుంచే. వారానికి 123 పౌండ్లకన్నా తక్కువ సంపాదించేవారికి అసలే ఉండేది కాదు.

కనీస వేతనం మీద పనిచేసే ఒక గోడౌన్ కార్మికుడి లెక్క వేసి చూడండి. 2022 ఏప్రిల్లో 23 ఏళ్లు దాటినవారికి కనీస వేతనం గంటకు తొమ్మిదిన్నర పౌండ్లు. రోజుకు ఎనిమిది గంటలు, వారానికి అయిదు రోజులు పనిచేస్తే 380 పౌండ్లు. సోమవారం పొద్దున రెండు గీతలు కనిపించాయి. అధికారిక సలహా ప్రకారం అయిదు రోజులు ఇంట్లో ఉండాలి. అలా ఉంటే మొదటి మూడు రోజులకు సున్నా. మిగిలిన రెండు రోజులకు కలిపి దాదాపు 40 పౌండ్లు. 380 రావాల్సిన చోట 40! ఇంటి అద్దె మాత్రం తగ్గదు.

అలాంటి మనిషి రెండు పౌండ్లు పెట్టి కిట్ కొని, తన 340 పౌండ్లు పోగొట్టుకునే వార్తను తానే తెలుసుకోవాలి. ఎంతమంది తెలుసుకుంటారు? తెలియకపోవడమే నయమనుకుంటే తప్పు ఎవరిది?

ఇది ఊహ కాదు. కట్టడి నియమాలు గట్టిగా ఉన్న రోజుల్లోనే ఈ సంగతి తేలింది. 2020 మార్చి నుంచి 2021 జనవరి దాకా బ్రిటన్‌లో వేలమందిని ప్రశ్నించిన ఓ అధ్యయనం ప్రముఖ వైద్య పత్రిక 'బీఎంజే'లో వచ్చింది. లక్షణాలున్నవారిలో పూర్తిగా ఇంట్లోనే ఉన్నామని చెప్పినవారు 42.5 శాతమే. పరీక్ష కోసం అడిగినవారు 18 శాతం. ఇంట్లో చిన్నపిల్లలున్నవారు, డబ్బుకు కటకటలాడుతున్నవారు, తప్పనిసరి సేవల్లో పనిచేసేవారు ఎక్కువగా నియమాలు పాటించలేకపోయారు. ఇంట్లో ఉండాలన్న ఉద్దేశం మాత్రం చాలామందికి ఉంది! మనసుంది, మార్గమే లేదు.

పెద్దలు చెప్పిన నీతులు

వ్యక్తిగత బాధ్యత అన్న మాటకు బలం రావాలంటే, చెప్పేవారు ముందు పాటించాలి. అక్కడా దెబ్బతింది ఇంగ్లండు. ఉచిత పరీక్షలు ఆగిన పన్నెండో రోజున, అంటే 2022 ఏప్రిల్ 12న, ప్రధాని జాన్సన్‌కూ ఆర్థికమంత్రి రిషి సునాక్‌కూ లండన్ పోలీసులు జరిమానా విధించారు. 2020 జూన్‌లో, జనమంతా కట్టడిలో ఉన్నప్పుడు, ప్రధాని కార్యాలయంలో జరిగిన పుట్టినరోజు వేడుకే కారణం. ప్రభుత్వ కార్యాలయాల్లో జరిగిన ఇలాంటి విందుల మీద పోలీసులు మొత్తం 126 జరిమానాలు వేశారు.

ఆస్పత్రి గాజు కిటికీ అవతల నిలబడి తల్లికి వీడ్కోలు చెప్పినవారు, నాన్న అంత్యక్రియలకు పట్టుమని పదిమంది కూడా లేకుండా వెళ్లినవారు ఆ వార్త చదివారు. చట్టం ఉన్నప్పుడే పెద్దలు పాటించలేదు. చట్టం పోయాక సలహాను మనమెందుకు పాటించాలి... ఇలా అనుకున్నవారిని తప్పుపట్టడం అంత తేలిక కాదు.

కిట్ నాది... మేలు పక్కవారిది

కరోనా పరీక్షకు ఓ విచిత్ర లక్షణం ఉంది. తలనొప్పికి మాత్ర కొనుక్కుంటే ఫలితం కొన్నవారికే. కానీ ఏ లక్షణాలూ లేని ఆరోగ్యవంతుడు పరీక్ష చేసుకుంటే, ఆ మేలు ఎక్కువగా అందేది అతను ఆ రోజు కలవబోయే మనిషికి. ఖర్చు ఒకరిది, రక్షణ మరొకరిది. అందుకే 'ఎవరి జాగ్రత్త వారిదే' అన్న సూత్రం ఇక్కడ అతకదు. నా జాగ్రత్త నీకు కావాలి, నీ జాగ్రత్త నాకు కావాలి.

ఇది అందరికన్నా బాగా తెలిసింది వ్యాధినిరోధక శక్తి తక్కువగా ఉన్నవారికి. కిడ్నీ మార్పిడి చేయించుకున్నవారు, రక్త క్యాన్సర్ రోగులు, రోగనిరోధక శక్తిని అణచే మందులు వాడేవారు... వీరిలో చాలామందికి టీకా ఇతరులకు పనిచేసినంత గట్టిగా పనిచేయదు. కరోనా తొలినాళ్లలో అత్యంత ముప్పున్నవారిగా గుర్తించి, వీలైనంత వరకు ఇల్లు కదలొద్దని ఇంగ్లండు ప్రభుత్వం చెప్పినవారి జాబితా చివరికి 37 లక్షలకు చేరింది. ఆ కార్యక్రమాన్ని 2021 సెప్టెంబరులో ముగించారు.

2022 ఏప్రిల్ తర్వాత కూడా, కరోనా మందులకు అర్హులైన రోగులకు లక్షణాలు కనిపిస్తే ఉచిత పరీక్ష ఇచ్చే ఏర్పాటు ఉంచారు. అది మంచిదే. ఎందుకంటే పాక్స్‌లోవిడ్ లాంటి మందు లక్షణాలు మొదలైన అయిదు రోజుల్లోపే మొదలుపెట్టాలి. ఆలస్యమైతే మందు ఉన్నా లేనట్టే. కానీ ఆ ఏర్పాటులోని మెలిక చూడండి. రోగికి జబ్బు అంటుకున్నాక పరీక్ష ఉచితం. ఆ జబ్బును ఇంట్లోకి తీసుకొచ్చే అవకాశమున్న మేనల్లుడు, పక్కింటావిడ, స్నేహితుడు మాత్రం కొనుక్కోవాలి! దొంగ వచ్చి వెళ్లాక తాళం ఉచితంగా ఇచ్చినట్టు.

ఫలితం ఏమిటి? మిగతా ప్రపంచానికి తలుపులు తెరుచుకున్న రోజున, వీరి తలుపులు ఇంకాస్త బిగుసుకున్నాయి. పెళ్లికి వెళ్లాలా వద్దా, బస్సెక్కాలా వద్దా అన్న నిర్ణయం వారిదే అన్నారు. నిర్ణయానికి కావాల్సిన సమాచారం మాత్రం ఎదుటివారి ముక్కులో ఉంది.

దీర్ఘకాలిక కరోనా మరో పక్క. 2022 మార్చి 5 నాటికి బ్రిటన్‌లో 17 లక్షల మంది కరోనా తర్వాతి లక్షణాలు నాలుగు వారాలకు మించి వేధిస్తున్నాయని చెప్పినట్టు గణాంక కార్యాలయం అంచనా. ఆయాసం, అలసట, మతిమరుపు... వీటిలో ఏదీ ప్రాణం తీయదు గానీ, ఉద్యోగాన్నీ చదువునూ మింగేయగలదు.

లండన్ నుంచి ఫోనొస్తే...

ఈ కథలో తెలుగువారూ ఉన్నారు. బ్రిటన్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో తెలుగు డాక్టర్లకు కొదవ లేదు. పై చదువులకు వెళ్లిన తెలుగు పిల్లలూ వేలల్లోనే. ఆసుపత్రి సిబ్బందికి కొన్నాళ్లు ఉచిత కిట్లు కొనసాగాయి. చిక్కు చదువుకునే పిల్లలకే.

ఒక ఇంట్లో అయిదారుగురు. ఒకే వంటగది, ఒకే స్నానాల గది. ఒకరికి వస్తే మిగతావారికి వేరే గది ఎక్కడిది? విద్యార్థి వీసా మీద ఉన్నవారు కాలేజీ నడిచే రోజుల్లో వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు. సూపర్ బజారులో నాలుగు గంటలు, హోటల్లో ఆరు గంటలు ఇలా రెండు మూడు చోట్ల చేసేవారికి, అప్పట్లో ఒక్కోచోట సంపాదన 123 పౌండ్లకు చేరేది కాదు. జబ్బు జీతం అర్హతను ఒక్కో యజమాని దగ్గర విడివిడిగా చూసేవారు కాబట్టి, అన్నీ కలిపితే సరిపోయేంత సంపాదిస్తున్నా చేతికి జబ్బు జీతం వచ్చేది కాదు. రానురోజు పోయినట్టే.

'ఒంట్లో బాగాలేకపోతే పనికెళ్లకు నాన్నా' అని ఇక్కడినుంచి అమ్మ ఫోన్లో చెబుతుంది. 'సరేనమ్మా' అంటాడు అబ్బాయి. ఆ తర్వాత కిట్ కొంటాడా, ఓ మాత్ర వేసుకుని డ్యూటీకి వెళ్తాడా అన్నది అతని బుద్ధి మీద ఎంత ఆధారపడి ఉంటుందో, నెలాఖరు అద్దె మీదా అంతే ఆధారపడి ఉంటుంది.

అయినా ఆగని మంచితనం

ఇంత జరిగినా, బాధ్యత అనేది గాలిలో కలిసిపోలేదు. చట్టం చెప్పకపోయినా దగ్గు వస్తే మాస్కు పెట్టుకునేవారున్నారు. ఆసుపత్రిలో ఉన్న పెద్దావిడను చూడటానికి వెళ్లేముందు సొంత డబ్బుతో కిట్ కొనేవారున్నారు. 'నాకు జలుబుగా ఉంది, ఈ ఆదివారం రానులే' అని ముందే ఫోన్ చేసి చెప్పడం ఒకప్పుడు అతిగా తోచేది. కరోనా తర్వాత అది మర్యాదైంది. థేమ్స్ నది ఒడ్డున, పార్లమెంటుకు ఎదురుగా, పోయినవారి కోసం 2021 మార్చిలో జనం తమ చేతులతో గీసిన ఎర్ర హృదయాల గోడ ఉంది. అర కిలోమీటరు పొడవు. ఒక్కో హృదయం ఒక్కో ప్రాణం. రంగు వెలిసిపోతే స్వచ్ఛంద సేవకులు మళ్లీ అద్దుతుంటారు. ఎవరూ జీతమివ్వరు, ఎవరూ జరిమానా వేయరు.

కనుక మనిషికి బాధ్యత లేదని కాదు. బాధ్యతకు మూడు కాళ్లుంటాయి. తనకు జబ్బుందో లేదో తెలియాలి. తెలిస్తే ఇంట్లో ఉండే వీలుండాలి. ఉండాలన్న మనసుండాలి. మూడోది మనిషిది. మొదటి రెండూ సమాజం సమకూర్చాల్సినవి. రెండు కాళ్లు తీసేసి, ముక్కాలి పీట ఎందుకు నిలబడలేదని అడిగితే ఏం లాభం?

బ్రిటన్ కూడా ఆ ప్రశ్న మళ్లీ వేసుకుంది. బ్రిటన్‌లో 2 లక్షల 20 వేల మందికి పైగా ప్రాణాలు తీసిన ఈ విపత్తుపై హీథర్ హాలెట్ ఆధ్వర్యంలో బహిరంగ విచారణ సాగింది. పరీక్షలు, స్వీయ నిర్బంధం వ్యవస్థ మీదే 2025 మేలో ప్రత్యేకంగా వాంగ్మూలాలు తీసుకున్నారు. జబ్బు జీతం నిబంధనలను మారుస్తూ 2025 డిసెంబరులో కొత్త చట్టం వచ్చింది. 2026 ఏప్రిల్ నుంచి మొదటి రోజు నుంచే జబ్బు జీతం, కనీస సంపాదన షరతు రద్దు అన్నవి దాని ముఖ్యాంశాలు. కరోనా రోజుల్లో తాత్కాలికంగా ఇచ్చి వెనక్కి తీసుకున్న మొదటి రోజు జీతం, నాలుగేళ్ల తర్వాత అన్ని జబ్బులకూ వర్తించే హక్కుగా తిరిగొచ్చిందన్నమాట. జబ్బుపడ్డ మనిషి ఇంట్లో ఉండటానికి మంచి మనసు ఒక్కటే చాలదని అంతకన్నా గట్టిగా ఒప్పుకోవడం ఏముంటుంది?

గీతల వెనక సంగతి

* ఇంట్లో చేసుకునే ఈ పరీక్షను 'లేటరల్ ఫ్లో' అంటారు. ముక్కు నుంచి తీసిన నమూనాను ద్రావకంలో కలిపి బిళ్ల మీద చుక్కలుగా వేస్తే, అది లోపలి కాగితపు పట్టీ వెంట పాకుతుంది. వైరస్ తాలూకు మాంసకృత్తులుంటే అక్కడ అమర్చిన యాంటీబాడీలకు అతుక్కుని రెండో గీత తేలుతుంది.

* 'సి' దగ్గర గీత రాకపోతే పరీక్ష చెల్లదు. 'సి', 'టి' రెండు చోట్లా వస్తే పాజిటివ్. 'టి' గీత లేతగా ఉన్నా లెక్కలోకే వస్తుంది.

* ఒంట్లో వైరస్ ఎక్కువగా ఉన్నప్పుడు ఇది బాగా పట్టుకుంటుంది. తొలిరోజుల్లో తప్పిపోవచ్చు. అందుకే ఒక్కసారి నెగెటివ్ వస్తే నిశ్చింతగా ఉండిపోకూడదు. లక్షణాలుంటే ఒకటి రెండు రోజులాగి మళ్లీ చేసుకోవాలి.

మన దగ్గర ఇలా...

ఇంటికి ఉచితంగా కిట్లు పంపే ఏర్పాటు మన దేశంలో లేదు. కరోనా రోజుల్లో ప్రభుత్వ కేంద్రాల్లో నమూనా ఇస్తే ఉచితంగా చేసేవారు, ప్రైవేటు ల్యాబుల్లో డబ్బు తీసుకునేవారు. ఇంట్లో చేసుకునే తొలి దేశీయ కిట్‌కు 2021 మేలో భారత వైద్య పరిశోధన మండలి అనుమతి ఇచ్చింది. అప్పట్లో ధర 250 రూపాయలు. రోజుకూలీ మీద బతికే ఇంట్లో నలుగురికీ కొనాలంటే వెయ్యి రూపాయలు! ఇంగ్లండు 2022లో ఎదుర్కొన్న ప్రశ్న మనవారికి మొదటినుంచీ ఉన్నదే. జ్వరంతో కూలికి వెళ్లేవారిని, దగ్గుతో బడికి వచ్చే పిల్లల్ని కసురుకునే ముందు, ఇంట్లో ఉండే వీలు వారికుందా అని ఓ క్షణం ఆలోచించాలి.

ఖర్చు లేని అలవాట్లు

* జ్వరం, దగ్గు ఉంటే పెద్దవారి దగ్గరికి, చంటిపిల్లల దగ్గరికి, ఆపరేషన్లు అయినవారి దగ్గరికి వెళ్లడం వాయిదా వేసుకోండి. తప్పనిసరైతే మాస్కుతో వెళ్లండి.

* చుట్టాలొచ్చినప్పుడు కిటికీలు తెరిచి ఉంచండి. గాలి ఆడే గదిలో వైరస్ పలచబడుతుంది.

* ఎవరైనా 'ఒంట్లో బాగాలేదు, రాలేను' అంటే నొచ్చుకోకండి. 'పర్లేదు, తర్వాత రండి' అనండి.

* ఇంట్లో పనిచేసే మనిషి, డ్రైవరు, షాపులో కుర్రాడు... జ్వరంతో మానేసిన రోజుకు కూలి కోయకండి. మీ ఇంటికి జబ్బు రాకుండా ఆపే అతి చవకైన మందు అదే!